జపాన్ కేంద్ర బ్యాంకు గవర్నర్ ఉయెదా ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తున్నారు? మన యెన్ పొదుపు సంగతేమిటి?

తోక్యో_తెలుగు
నేను 2016లో ఉద్యోగం మీద తోక్యోకు వచ్చాను. ఆ ఏడాది జనవరి 29నే బ్యాంక్ ఆఫ్ జపాన్ మైనస్ 0.1 శాతం వడ్డీని (అంటే బ్యాంకులు తన దగ్గర ఉంచిన సొమ్ములో కొంతమీద వాటి నుంచే వడ్డీ పుచ్చుకోవడం) ప్రకటించింది కనుక, మామూలు వడ్డీ అనేది ఈ దేశంలో నా కంటికి ఎన్నడూ కనబడలేదు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. బాధంతా మారకం దగ్గర మొదలైంది. 2020లో లక్ష యెన్లు ఇంటికి పంపితే నాన్నగారి ఖాతాలో సుమారు 70 వేల రూపాయలు పడేవి. 2024 జూలై మొదట్లో, డాలరుకు 161 యెన్లు దాటిన రోజుల్లో, అదే లక్ష యెన్లకు వచ్చింది 52 వేలకు అటూ ఇటూగా. యెన్లలో నా జీతం కాస్త పెరిగిన మాట నిజమే. కానీ ఊళ్లో కట్టిస్తున్న ఇంటికి అదే జీతంతో ఏటా తక్కువ సిమెంటు వస్తోంది.

కజువో ఉయెదా 2023 ఏప్రిల్‌లో గవర్నరు పదవి చేపట్టేనాటికే ద్రవ్యోల్బణం ఏడాదిగా 2 శాతం లక్ష్యాన్ని మించి ఉంది. ఆయన మైనస్ వడ్డీని ఎత్తివేయడానికి 2024 మార్చి 19 దాకా ఆగారు. అక్కడి నుంచి 2024 జూలైలో 0.25, 2025 జనవరిలో 0.5, 2025 డిసెంబరు 19న 0.75 శాతం. అంటే రెండేళ్ల ఎనిమిది నెలలకు ముప్పావు శాతం. ఈలోగా అమెరికా ఫెడరల్ రిజర్వు 2022 మార్చి నుంచి 2023 జూలై లోపలే 5.25 శాతం మేర పెంచి చూపించింది. పొదుపు చేసుకున్నవాడి సొమ్ము కరిగిపోతుంటే ఇంత నింపాదిగా నడవడం న్యాయమేనా? విషయం తెలిసినవారు చెప్పండి. నాకు కోపం ఉన్నమాట నిజమే గాని, వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

లెక్కల_మాస్టారు
మీ కోపాన్ని తప్పుపట్టను. అయితే ఉయెదా అడుగు ఎందుకు తడుముకుంటూ పడుతోందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. 2000 ఆగస్టులో అప్పటి గవర్నరు మసారు హయామి సున్నా వడ్డీకి స్వస్తి చెప్పారు. ఆ రోజు విధాన మండలిలో వ్యతిరేకంగా పడిన ఓట్లు రెండే, వాటిలో ఒకటి మండలి సభ్యుడిగా ఉన్న ఉయెదాది. ధరలు ఇంకా పడుతున్నాయి, తొందర వద్దు అన్నది ఆయన వాదన. నెలలు తిరక్కుండానే ఆర్థిక వ్యవస్థ మళ్లీ చతికిలపడింది. 2001 మార్చి 19న బ్యాంకు వెనక్కి తగ్గి, బ్యాంకులకు డబ్బును కుమ్మరించే కొత్త పద్ధతి మొదలుపెట్టింది.

తరువాత 2006లో, అప్పటి గవర్నరు తొషిహికో ఫుకుయి మళ్లీ ప్రయత్నించారు. జూలైలో 0.25కు, 2007 ఫిబ్రవరిలో 0.5కు తీసుకెళ్లారు. ఏడాదిన్నర గడిచేసరికి 2008 సంక్షోభం వచ్చి, ఆ ఏడాది చివరికి వడ్డీ 0.1 దగ్గరికి దిగిపోయింది. రెండుసార్లు ఎక్కబోయి రెండుసార్లూ జారిపడిన మెట్లు అవి. మొదటి జారుడు ఉయెదా కళ్లముందే జరిగింది. ఉయెదా మైనస్ వడ్డీని ముగించిన తేదీ కూడా మార్చి 19 కావడం కేవలం కాకతాళీయమే అయినా, ఈ విషయం చదువుకున్న వాళ్లెవరికైనా అది గుర్తుకు రాక మానదు.

యెన్_రూపాయి
మాస్టారూ, చరిత్ర సరిగ్గానే చెప్పారు గాని పాఠం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 2000లో ధరలు పడిపోతున్నాయి, 2023 జనవరిలో ద్రవ్యోల్బణం 4.2 శాతానికి చేరి 41 ఏళ్ల గరిష్ఠాన్ని తాకింది. చలి జ్వరానికి ఇచ్చిన దుప్పటిని వేసవిలోనూ కప్పి ఉంచుతామంటే ఎలా? అప్పట్లో తొందరపడకపోవడం సరైనదైనంత మాత్రాన ఇప్పుడు ఆలస్యం చేయడం కూడా సరైనదైపోదు.

నిషికసాయి_అమ్మ
మీరు శాతాలు మాట్లాడుతున్నారు, నేను వంటింటి లెక్క చెబుతాను. 2024 ఆరంభంలో 5 కిలోల బియ్యం సంచీ 2,000 యెన్ల చిల్లరకు తెచ్చేదాన్ని. 2025 వసంతానికి అది 4,200 దాకా వెళ్లింది. ఒకానొక వారం మా వీధి సూపర్‌మార్కెట్‌లో బియ్యం పెట్టే అర ఖాళీగా ఉండి, ఇంటికి ఒక్క సంచీ మాత్రమే అని కాగితం అంటించారు. మనకు మూడు పూటలా అన్నం కావాలి కదా, పిల్లల డబ్బాల్లో బ్రెడ్డు పెట్టిన రోజులూ ఉన్నాయి. బియ్యం ధరకు వడ్డీతో సంబంధం లేదని, పంట, నిల్వలు, ప్రభుత్వ సాగు విధానం కారణాలని చదివాను. అది ఒప్పుకుంటాను. కానీ కందిపప్పు, వంటనూనె, కరెంటుకు కావలసిన ఇంధనం, ఇవన్నీ బయటి నుంచి వచ్చేవే, వాటికి యెన్ బలహీనతతో సంబంధం ఉంది. ఆ బలహీనతకు వడ్డీతో సంబంధం ఉంది. కాబట్టి తోక్యో_తెలుగు గారి బాధ నా బాధ కూడా.

విశ్రాంత_బ్యాంకర్
నేను మన దేశంలోనే ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగినవాడిని. ఈ చర్చ చదువుతుంటే 2010, 2011 సంవత్సరాలు గుర్తొచ్చాయి. 2008 సంక్షోభంలో తగ్గించిన వడ్డీని మామూలు స్థితికి తీసుకువచ్చే పని అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు, మన ఏలూరు బిడ్డ దువ్వూరి సుబ్బారావు గారి మీద పడింది. 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు 13 సార్లు పెంచి, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రెపో రేటును 4.75 నుంచి 8.5 శాతానికి చేర్చారు. టోకు ధరలు 9 శాతం పైన పెరుగుతుంటే పావు శాతం చొప్పున పసివాడి అడుగులు వేస్తున్నారని ఒక పక్క విమర్శ, వృద్ధిని చంపేస్తున్నారని ఇంకో పక్క విమర్శ. మా శాఖకు వచ్చే చిన్న పరిశ్రమల వాళ్లు రెండో మాట అనేవారు, డిపాజిట్ల పెద్దవాళ్లు మొదటి మాట అనేవారు. ఒకే కౌంటరు దగ్గర, ఒకే ఉదయం, రెండు మాటలూ విన్న రోజులున్నాయి.

కానీ రెండు సందర్భాలకూ ఒక మౌలికమైన తేడా ఉంది. మన జనానికి ధరలు పెరుగుతాయన్న నమ్మకం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని అణచడమే మన కేంద్ర బ్యాంకు పని. జపాన్‌లో ధరలు పెరగవు, జీతాలూ పెరగవు అన్న నమ్మకం ఒక తరం పొడుగునా పాతుకుపోయింది. దాన్ని ముందు పెకలించాలి, పెకలించాక వేడెక్కకుండా చూడాలి. అందుకే ఉయెదా బియ్యం ధర కంటే జీతాల మీద చూపు నిలిపారు. ఏటా వసంతంలో అక్కడ కార్మిక సంఘాలకూ యాజమాన్యాలకూ జరిగే వేతన చర్చల ఫలితం 2024 మార్చి 15న వచ్చింది. తొలి లెక్కలో సగటు పెంపు 5.28 శాతం, 33 ఏళ్లలో అత్యధికం. నాలుగు రోజులకు మైనస్ వడ్డీ పోయింది. ఆయన దేని కోసం ఆగారో ఆ నాలుగు రోజుల వ్యవధే చెబుతోంది.

తోక్యో_తెలుగు
విశ్రాంత_బ్యాంకర్ గారూ, ఆ 5.28 శాతం పెద్ద సంఘాలున్న పెద్ద కంపెనీల సంగతి. మా కంపెనీలో సంఘమే లేదు. ఆ ఏడాది నాకు వచ్చిన పెంపు 2 శాతం. ద్రవ్యోల్బణాన్ని తీసివేసి చూస్తే దేశం మొత్తం మీద నిజ వేతనాలు 2024 మే వరకు వరుసగా 26 నెలలు తగ్గాయి. జీతాలు పెరిగేదాకా ఆగుదాం అన్న ఆ 26 నెలల ఖర్చు ఎవరు భరించారన్నదే నా ప్రశ్న.

ఇంటిఅప్పు_చిబా
ఈ చర్చలో అప్పు ఉన్నవాడు ఒక్కడైనా మాట్లాడాలి కదా. నేను 2022లో తోక్యో పక్కనున్న చిబాలో ఇల్లు కొన్నాను. 4 కోట్ల యెన్ల అప్పు, 35 ఏళ్లు, మారే వడ్డీ, 0.4 శాతం. నెలకు సుమారు 1,02,000 యెన్లు. ఇక్కడ ఇల్లు కొనేవారిలో అత్యధికులు మారే వడ్డీనే ఎంచుకుంటారు, ఎందుకంటే అది మారడం ఎవరూ చూడలేదు.

బ్యాంకులు మారే వడ్డీకి ఆధారమైన తమ స్వల్పకాలిక ప్రధాన రేటును 2009 నుంచి 1.475 దగ్గరే ఉంచాయి. 2024 సెప్టెంబరులో 1.625కు, 2025 మార్చిలో 1.875కు జరిపాయి. నా అప్పు 0.8 శాతానికి వచ్చింది. విచిత్రం ఏమిటంటే నేను కట్టే వాయిదా ఒక్క యెన్ కూడా పెరగలేదు. చాలా బ్యాంకుల్లో వాయిదా మొత్తాన్ని ఐదేళ్లకొకసారే సవరించే నియమం, సవరించినా పాతదానికి 1.25 రెట్లు దాటరాదన్న నియమం ఉన్నాయి. కానీ లోపల జరిగేది వేరు. బ్యాంకు పంపిన కాగితం టేబుల్ మీద పరచి వేలుతో వరుస చూసుకున్నాను. 3.7 కోట్ల బాకీ మీద వడ్డీ వాటా నెలకు 12 వేల చిల్లర నుంచి 24 వేలు దాటింది, అసలులోకి పోయేది ఆ మేరకు తగ్గింది. ఉయెదా మీరు కోరినంత వేగంగా, ఫెడ్ మాదిరిగా 5 శాతం పెంచి ఉంటే, నా వాయిదా మొత్తం కూడా వడ్డీకి చాలేది కాదు. ఆయన నెమ్మదితనం నా కుటుంబాన్ని నిలబెట్టిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

యెన్_రూపాయి
మీ పరిస్థితి అర్థమైంది. కానీ 0.4 శాతానికి 4 కోట్లు అప్పు దొరకడం వల్లే ఇళ్ల ధరలు ఆ స్థాయికి పోయాయన్నది కూడా చూడాలి. తోక్యోలో ఇప్పుడు కొత్తగా ఇల్లు కొనాలనుకునే యువ దంపతులను అడిగితే చౌక వడ్డీ వల్ల ఎవరు బాగుపడ్డారో వాళ్లు వేరే కథ చెబుతారు.

కోనసీమ_కుర్రాడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను హైదరాబాద్‌లో ఉంటాను, జపాన్‌తో ఏ సంబంధమూ లేదు. 2024 ఆగస్టు 5న సెన్సెక్స్ 2,222 పాయింట్లు పడింది, నా మ్యూచువల్ ఫండ్ ఒక్కరోజులో నెల జీతమంత తగ్గింది. జపాన్ వడ్డీ పెంచడం వల్ల అని టీవీలో చెప్పారు. పావు శాతం వడ్డీకి ఇంత భూకంపం ఎందుకు వచ్చిందో ఎవరైనా అరటిపండు ఒలిచినట్టు చెప్పగలరా?

లెక్కల_మాస్టారు
చెబుతాను. జపాన్‌లో కోటి యెన్లు దాదాపు సున్నా వడ్డీకి అప్పు తీసుకున్నావనుకో. దాన్ని డాలర్లుగా మార్చి అమెరికాలో 5 శాతం వచ్చే చోట పెట్టావు. ఏడాదికి 5 లక్షల యెన్లు చేతులు కదపకుండా వస్తాయి. పైగా యెన్ బలహీనపడుతూ ఉంటే, తీర్చవలసిన అప్పు డాలర్ల లెక్కలో ఇంకా తగ్గుతుంది. ఈ వ్యాపారాన్ని ఏళ్ల తరబడి ప్రపంచమంతా చేసింది. ఇప్పుడు యెన్ ఒక్కసారిగా 10 శాతం బలపడిందనుకో. రెండేళ్ల లాభం రెండు వారాల్లో పోతుంది. అందరూ ఒకేసారి అప్పు తీర్చడానికి యెన్లు కొనడానికి పరుగెడతారు, దానితో యెన్ ఇంకా బలపడుతుంది, పరుగు ఇంకా పెరుగుతుంది. సంతలో ఎడ్లు బెదిరినట్టే.

2024 జూలై 31న వడ్డీ 0.25కు పెరిగింది. ఆ శుక్రవారమే అమెరికా ఉద్యోగాల లెక్కలు నీరసంగా వచ్చాయి. రెండూ కలిసి సోమవారం ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 4,451 పాయింట్లు, అంటే 12.4 శాతం పడింది. పాయింట్లలో అంత పతనం అప్పటిదాకా దాని చరిత్రలోనే లేదు. మరుసటి రోజు 10.2 శాతం లేచింది. అంటే కేవలం ఆ పావు శాతమే కారణం కాదు. సున్నా వడ్డీ శాశ్వతమని నమ్మి దానిమీద మేడలు కట్టినవాళ్ల పునాది కదిలింది.

కోనసీమ_కుర్రాడు
ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. ధన్యవాదాలు. ఆ రోజు భయపడి సగం అమ్ముకున్నాను, అమ్మకుండా ఉండవలసింది.

యెన్_రూపాయి
మాస్టారు చెప్పనిది ఒకటుంది. ఆగస్టు 7న డిప్యూటీ గవర్నరు షినిచి ఉచిదా, మార్కెట్లు నిలకడ లేకుండా ఉన్నప్పుడు వడ్డీ పెంచబోమని బహిరంగంగా అన్నారు. మార్కెట్ కుదుటపడింది, నిజమే. కానీ ఆ మాటతో జూదం ఆడినవాళ్లకు అభయహస్తం ఇచ్చినట్టయింది. వాళ్లు గోల చేస్తే బ్యాంకు ఆగుతుంది, నిషికసాయి_అమ్మ గారు బియ్యం ధర చూసి నిట్టూరిస్తే ఆగదు. నా అభ్యంతరమంతా అక్కడే.

బాండ్ల_బల్ల
నేను తోక్యోలో ఒక సెక్యూరిటీల సంస్థలో బాండ్ల లావాదేవీల వెనుక పని చూస్తాను. వడ్డీ రేటు ఒక్కదాన్నే చూస్తే ఈ గవర్నరు చేసిన పనిలో సగం కూడా కనబడదు. మిగతా సగం బాండ్ల దగ్గర ఉంది.

ఉయెదాకు ముందు గవర్నరుగా ఉన్న కురొదా గారు 2016 సెప్టెంబరులో పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడిని సున్నా దగ్గర కట్టివేశారు. బాండ్లకు గిరాకీ ఉంటే రాబడి తగ్గుతుంది కనుక, ఆ కట్టు నిలవాలంటే రాబడి పెరగబోయిన ప్రతిసారీ కేంద్ర బ్యాంకే బాండ్లు కొనాలి. అలా కొని కొని దేశం అప్పులో సుమారు సగం తన దగ్గరే పెట్టుకుంది. పదేళ్ల బాండుకు బయట కొనుగోలుదారే లేక ఒక్క లావాదేవీ కూడా జరగని రోజులున్నాయి. ధర చెప్పే తెర ముందు కూర్చుంటే అంకె ఉదయం ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉండేది. మా సీనియర్లు ఆ రోజుల్లో బల్ల మీద పాత నివేదికలు సర్దుకుంటూ గడిపారు.

ఇలాంటి కట్టును ఒక్కసారి తెంచితే ఏమవుతుందో అందరికీ భయమే. ఉయెదా దాన్ని పోగు పోగుగా విప్పారు. 2023 జూలైలో, ఆ రాబడికి అప్పటికి ఉన్న 0.5 శాతం హద్దును సూచన మాత్రమే అని మార్చి 1 శాతం దగ్గర గట్టి కట్ట వేశారు. అక్టోబరులో ఆ 1 శాతాన్నీ సూచనగా మార్చారు. 2024 మార్చి వచ్చేసరికి విప్పడానికి మిగిలింది పేరు మాత్రమే, ఆ రోజు బాండ్ల మార్కెట్ పెద్దగా ఉలిక్కిపడలేదు. తరువాత నెలకు దాదాపు 6 లక్షల కోట్ల యెన్ల కొనుగోళ్లను, మూడు నెలలకు 40,000 కోట్ల చొప్పున తగ్గిస్తూ, 2026 ఆరంభానికి సగానికి తెచ్చే పథకం ప్రకటించారు. 2025 మేలో 20 ఏళ్ల బాండు వేలం చప్పగా సాగి దీర్ఘకాల రాబడులు ఎగిరేసరికి, 2026 ఏప్రిల్ నుంచి ఆ తగ్గింపును 20,000 కోట్లకు నెమ్మదింపజేశారు. దీన్ని కొందరు వెనుకడుగు అన్నారు. బల్ల దగ్గర కూర్చున్న మాకు అది బండి దిగుడులో బ్రేకు తొక్కినట్టే అనిపించింది.

ఇంకో చిక్కు. డబ్బు వెల్లువగా ఉన్నప్పుడు వడ్డీ ఎలా పెంచుతారు? బ్యాంకులు తన దగ్గర ఉంచిన నిల్వల మీద కేంద్ర బ్యాంకే వడ్డీ కట్టి పెంచుతుంది. 2024లో ఆ నిల్వలు 500 లక్షల కోట్ల యెన్లకు పైమాటే. అర శాతం అంటే ఏడాదికి రెండున్నర లక్షల కోట్లు. తన దగ్గరున్న పాత బాండ్ల మీద వచ్చేది నామమాత్రం. వేగంగా పెంచితే ముందు నష్టాల్లోకి వెళ్లేది కేంద్ర బ్యాంకే.

గోదారి_గట్టు
బాండ్లే కాదు, షేర్ల నిధులు కూడా కొన్నారని విన్నాను. కేంద్ర బ్యాంకు షేర్లు కొనడం ఏమిటండీ?

బాండ్ల_బల్ల
నిజమే, 2010 నుంచి ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలాగే మార్కెట్లో కొని అమ్మే షేర్ల నిధులు కొన్నారు, కురొదా కాలంలో అది బాగా పెరిగింది. కొన్న ధర ప్రకారం సుమారు 37 లక్షల కోట్ల యెన్లు. 2024 మార్చిలో కొనడం ఆపారు, 2025 సెప్టెంబరులో అమ్మాలని నిర్ణయించారు. ఏడాదికి కొన్న ధరలో 33,000 కోట్ల చొప్పున.

లెక్కల_మాస్టారు
37 లక్షల కోట్లను 33,000 కోట్లతో భాగించండి. 112 ఏళ్లు వస్తుంది. ఉయెదా కూడా విలేకరుల ముందు నూరేళ్లకు పైగా పడుతుందనే చెప్పారు.

గోదారి_గట్టు
అంటే మా మునిమనవళ్లు కూడా ఈ వేదికలో దీని గురించి చర్చించుకోవచ్చు. నవ్వుతూనే అంటున్నాను గాని, తన పదవీకాలంలో పూర్తికాదని తెలిసిన పనికి ఒక గవర్నరు కొబ్బరికాయ కొట్టడం నాకు గౌరవంగానే అనిపించింది.

చార్మినార్_చూపు
మనకు సంబంధించిన ఒక సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా ఇచ్చిన రుణం యెన్లలోనిది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రానికీ జపాన్ రుణమే అందింది. యెన్ చవకైతే తోక్యో_తెలుగు గారికి నష్టం, యెన్లలో అప్పు తీర్చేవారికి రూపాయల్లో భారం తగ్గుతుంది. ఉయెదా విజయం సాధించి యెన్ గట్టిపడితే ఆ లెక్క తిరగబడుతుంది. ఇవి దశాబ్దాల పాటు తీర్చే అప్పులు కాబట్టి ఒక్క ఏడాది మారకం చూసి సంతోషించడానికీ లేదు, దిగులుపడడానికీ లేదు.

విశ్రాంత_బ్యాంకర్
యెన్_రూపాయి గారి అభ్యంతరం దగ్గరికి వస్తాను. మార్కెట్‌కు అభయం ఇచ్చారన్నారు. కానీ 2025 జనవరి 24న, అమెరికా కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టిన నాలుగో రోజునే, 8 మంది ఒప్పుకోగా ఒక్కరు కాదనగా వడ్డీని 0.5కు పెంచారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా సుంకాల గొడవ మొదలవగానే ఆగారు. అక్టోబరులో సనాయె తకాయిచి ప్రధాని అయ్యారు. ఆమె 2024లోనే వడ్డీ పెంపును బాహాటంగా తప్పుపట్టిన నాయకురాలు. ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండు రెట్లు దాటిన దేశంలో వడ్డీ పెరిగితే ఖజానా మీద పడే భారం ఎంతో ఆలోచించండి. అయినా డిసెంబరు 19న మండలి ఏకగ్రీవంగా 0.75కు పెంచింది. 1995 తరువాత ఈ స్థాయి ఇదే మొదటిసారి. ఆ రోజు పదేళ్ల బాండు రాబడి 2 శాతం తాకింది. నెమ్మది మనిషే గాని, వంగిన మనిషి అనడానికి నాకు మనసు రాదు.

యెన్_రూపాయి
ఏకగ్రీవం సంగతి ఒప్పుకుంటాను. కానీ అదే రోజు విలేకరుల సమావేశంలో తరువాతి పెంపు ఎప్పుడో, ఎంతవరకో స్పష్టంగా చెప్పకపోవడంతో యెన్ బలపడవలసింది పోయి బలహీనపడింది. వడ్డీ పెంచిన రోజున కరెన్సీ పడిపోవడం ఆ పెంపును జనం ఎంతవరకు నమ్మారో చెబుతుంది. 0.75 శాతం అంటే ఆనాటి ద్రవ్యోల్బణం తీసివేస్తే సున్నాకు చాలా కిందే.

ఇంటిఅప్పు_చిబా
నాకు ఒక సలహా కావాలి. డిసెంబరు పెంపు కూడా నా అప్పు మీదికి వస్తుంది. స్థిర వడ్డీకి మారాలా?

విశ్రాంత_బ్యాంకర్
మీ పూర్తి వివరాలు తెలియకుండా చెప్పడం సరికాదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మారే వడ్డీ 0.8 దగ్గర ఉన్నప్పుడు స్థిర వడ్డీ దానికి రెండింతలకు పైగానే అడుగుతున్నారు, ఎందుకంటే స్థిర వడ్డీ పదేళ్ల బాండును అనుసరిస్తుంది, అది ఇప్పటికే పరుగెత్తింది. మారడానికి బదులు ఆ తేడా సొమ్మును ప్రతి నెలా విడిగా దాచి, ఐదేళ్ల సవరణ నాటికి అసలులో కొంత ముందుగా తీర్చే మార్గం మీకు కుదురుతుందేమో బ్యాంకులో కూర్చుని లెక్క వేయించుకోండి. ముఖ్యంగా, సవరణ జరిగే నెల ఏదో కాగితంలో చూసి క్యాలెండరు మీద రాసుకోండి.

నిషికసాయి_అమ్మ
మా ఇంటి యజమానురాలి గురించి చెప్పాలని ఉంది. ఎనభై దాటిన ఒంటరి మనిషి. కిందటి వసంతంలో అద్దె ఇవ్వడానికి వెళ్తే తన పాస్‌బుక్కు తెచ్చి చూపించారు. 30 లక్షల యెన్ల పొదుపు. వడ్డీ 0.001 శాతం ఉన్నప్పుడు ఏడాదికి 30 యెన్లు, అందులోనూ పన్ను. వేళ దాటాక ఏటీఎంలో ఒక్కసారి డబ్బు తీస్తే రుసుము నూరు యెన్లకు పైనే. ఆరు నెలలకొకసారి పడే ఆ వరుసలు పేజీల పొడుగునా 13, 13, 13 అని ఉన్నాయి. పెద్ద బ్యాంకులు సాధారణ పొదుపు వడ్డీని 2024 వసంతంలో 0.02కు, తరువాత 0.1కు, 2025 మార్చిలో 0.2కు పెంచాయి. మొదటిసారి నాలుగు అంకెలు పడిన వరుస మీద ఆవిడ పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకున్నారు. దాంతో ఏం కొన్నారని అడిగాను. మనవరాలికి పుచ్చకాయ కొన్నానని చెప్పారు. ఇక్కడ మంచి పుచ్చకాయ 3,000 యెన్లు ఉంటుంది, మిగతాది ఆవిడే కలిపి ఉంటారు.

తోక్యో_తెలుగు
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. హయామి, ఫుకుయిల కథ నాకు తెలియదు. ఎక్కి జారిన మెట్లను చూసినవాడు చెయ్యి పట్టుకుని ఎక్కుతాడన్నది అర్థమైంది. కానీ నా మొదటి ప్రశ్నలో ఒక భాగం అలాగే ఉంది. 26 నెలలు నిజ వేతనం తగ్గినవారికి, ఎనిమిదేళ్లు 13 యెన్ల వరుసలు చూసుకున్న ఆ పెద్దావిడకు, ఆ నెమ్మదితనపు ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వరు. ఇంటిఅప్పు_చిబా గారి కుటుంబం నిలబడినందుకు నేను నిజంగా సంతోషిస్తున్నాను, అయితే అది మా జేబుల్లోంచే నిలబడింది.

డిసెంబరు 19న భోజన విరామంలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ ప్రకటనకు నిర్ణీత వేళ ఉండదు, మధ్యాహ్నం అటూ ఇటూగా ఎప్పుడైనా రావచ్చు. ఆలస్యమైతే ఏదో మార్పు ఉందని అందరూ అనుకుంటారు. నా పక్కన కూర్చునే జపనీయ సహోద్యోగికి 29 ఏళ్లు. 0.75 అన్న అంకె తెరమీద కనబడగానే, తను పుట్టాక ఇంత వడ్డీ ఎప్పుడూ లేదట అని ఆశ్చర్యపోయాడు. తరువాత, ఇది ఎక్కువా తక్కువా అని నన్ను అడిగాడు. మా ఊళ్లో సహకార బ్యాంకులో నాన్నగారి డిపాజిట్‌కు ఎంత వస్తుందో చెప్పాను. అతను భోజనపు పెట్టె మూత పెట్టేసి, ఆ బ్యాంకు పేరు కాగితం మీద రాసివ్వమన్నాడు.

నిషికసాయి_అమ్మ
రాసిచ్చారా?

తోక్యో_తెలుగు
ఇచ్చాను. రూపాయికీ యెన్‌కూ మారకం ఎలా మారుతుందో కూడా కిందనే రాశాను. ఈ శనివారం కూర్చుని లెక్క వేద్దామన్నాడు.